పాపను చూడనివ్వడం లేదు, డబ్బు పంపడం ఆపేయనా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. పెళ్లై ఏడేళ్లు. ఎనిమిది నెలలుగా విడిగా ఉంటున్నారు. నాలుగున్నరేళ్ల పాపతో మీ భార్య రాజమహేంద్రవరంలో పుట్టింట్లో ఉంది, మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. విడాకుల కేసు ఇంకా ఇద్దరిలో ఎవరూ వేయలేదు. మూడు నెలలుగా ఫోన్లో కూడా పాపతో మాట్లాడనివ్వడం లేదు. "పాపను చూపించేదాకా రూపాయి పంపకు, వాళ్లే దారికొస్తారు" అని మీ బావగారు అన్నారు. "ఆడపిల్ల, పైగా ఐదేళ్లలోపు, కోర్టుకెళ్లినా నీకేమీ రాదు" అని ఇంకొకరు భయపెట్టారు. తండ్రిగా నాకేమైనా హక్కులున్నాయా, డబ్బు ఆపేయొచ్చా అన్నది మీ ప్రశ్న.

డబ్బు ఆపకండి. ఇప్పటికే ఆపి ఉంటే ఆ నెలలది కూడా కలిపి ఈ వారంలోనే పంపేయండి. మిగతా విషయాలన్నీ దీని తర్వాతే.

ఇరవై రెండేళ్లుగా ఫ్యామిలీ కోర్టుల్లో వాదిస్తున్నాను. తండ్రుల తరఫున వాదించాను, తల్లుల తరఫునా వాదించాను. డబ్బు ఆపేయమన్న సలహా విని నష్టపోయిన తండ్రుల్ని చాలామందిని చూశాను. చట్టం దృష్టిలో పిల్లను చూడటం ఒక ఖాతా, పిల్లను పోషించడం ఇంకో ఖాతా. ఒకదాంట్లో బాకీని ఇంకోదాంట్లో చెల్లు వేయడానికి లేదు. తల్లి పాపను చూపించకపోవడం తప్పే, కానీ ఆ తప్పుకి పాప పాలు, స్కూలు ఫీజు, మందులు ఎందుకు ఆగాలి అని జడ్జి అడిగితే మీ దగ్గర సమాధానం ఉండదు. ఇదే మాట తల్లులకీ చెబుతాను. డబ్బు పంపట్లేదని పిల్లను చూపించకపోవడానికి వీల్లేదు. డబ్బు వసూలు చేసుకునే దారి వేరే ఉంది.

ఆ దారి ఎంత గట్టిదో కూడా తెలుసుకోండి. ఇంతకుముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125 సెక్షన్ అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 సెక్షన్ అయింది. దాని కింద మెజిస్ట్రేట్ గానీ ఫ్యామిలీ కోర్టు గానీ నెలనెలా ఇంత ఇవ్వమని ఆర్డర్ వేస్తే, కట్టకపోతే వారెంట్ వస్తుంది. సరైన కారణం లేకుండా ఎగ్గొట్టిన ఒక్కో నెలకి నెల రోజుల దాకా జైలు వేసే అధికారం ఉంది. బకాయి పడిన ఏడాదిలోపు ఆమె వసూలుకి దరఖాస్తు చేసుకోవాలి, అంతే. పైగా 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు 'రజనీష్ వర్సెస్ నేహా' కేసులో మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలని చెప్పింది. కేసు రెండేళ్లు సాగితే రెండేళ్ల బకాయి ఒక్కసారి మీద పడుతుంది. ఈఎంఐలు కట్టుకునే ఉద్యోగికి అది చిన్న దెబ్బ కాదు.

అదే తీర్పు ఇంకో మంచి పని చేసింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్ రూపంలో కోర్టు ముందు పెట్టాలి. జీతం తక్కువ చేసి చెప్పడం, అకౌంట్ దాచడం ఇప్పుడు అంత తేలిక కాదు. తల్లి ఉద్యోగం చేస్తుంటే ఆమె వివరాలూ బయటికొస్తాయి. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం పిల్లల పోషణ తల్లిదండ్రులిద్దరి బాధ్యత, ఒక్క తండ్రిది మాత్రమే కాదు. ఎవరెంత భరించాలన్నది ఇద్దరి స్తోమతను బట్టి తేలుతుంది. "జీతంలో పాతిక శాతం" అని ఒక లెక్క జనంలో తిరుగుతూ ఉంటుంది. అది 2017లో సుప్రీంకోర్టు ఒక భార్య మనోవర్తి విషయంలో న్యాయమైన మొత్తంగా చెప్పిన మాట. అందరికీ, అన్ని కేసులకీ వర్తించే సూత్రం కాదు. పిల్లల విషయంలో అసలు ఖర్చెంత, మీరు కలిసున్నప్పుడు పాప ఎలా పెరిగింది, ఇద్దరి ఆదాయం ఎంత, ఇవే చూస్తారు.

పంపేది ఎప్పుడూ బ్యాంకు ద్వారానే పంపండి. యూపీఐలో నోట్ దగ్గర "పాప జూన్ ఖర్చులు" అని రాయండి. మామగారి చేతిలో నగదు పెట్టి వచ్చానని కోర్టులో చెప్పిన వాళ్ల మాట నమ్మించడానికి నేను పడ్డ తిప్పలు ఇప్పటికీ గుర్తే. పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉంటే అది కూడా ఆపకండి. కానీ అది నెల ఖర్చుకి బదులు అనుకోవద్దు. పాప ఇప్పుడు తినేది, చదివేది ఇప్పటి డబ్బుతోనే.

ఇక మీ హక్కుల సంగతి.

మనవాళ్లు 'కస్టడీ' అన్న ఒక్క మాటతో అన్నిటినీ కలిపేస్తారు. గార్డియన్ అవడం వేరు, కస్టడీ వేరు, చూసే హక్కు వేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఆరో సెక్షన్ మైనర్‌కి తండ్రి సహజ సంరక్షకుడు, 'ఆయన తర్వాత' తల్లి అంటుంది. ఆ 'తర్వాత' అన్న మాటకి తండ్రి చనిపోయాకే అని అర్థం చెప్పేవాళ్లు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సరిచేసింది. తండ్రి పిల్లల్ని పట్టించుకోకపోయినా, దూరంగా ఉన్నా, అతను బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని చెప్పింది. అంటే మీరు దూరమైనంత మాత్రాన గార్డియన్ కాకుండా పోలేదు, పాప దగ్గరుండి చూసుకుంటున్న ఆమె అధికారమూ తక్కువ కాదు.

అదే సెక్షన్‌లో ఐదేళ్లు నిండని పిల్లలు 'సాధారణంగా' తల్లి దగ్గర ఉండాలని ఉంది. మిమ్మల్ని భయపెట్టినాయన ఇదే చెప్పాడు. అందులో సగం నిజం. తల్లి పాపకి హాని చేస్తోందనో, చూసుకోలేని స్థితిలో ఉందనో మీరు రుజువు చేస్తే తప్ప ఈ వయసులో కస్టడీ తండ్రికి రావడం కష్టం. ఆ రుజువు భారం తండ్రిదేనని 2015లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు, కాబట్టి కస్టడీ కోసం పోరాడి డబ్బూ కాలమూ పోగొట్టుకోవద్దని నా సలహా. కానీ కస్టడీ రాకపోవడం అంటే పాప దక్కకపోవడం కాదు. క్రమం తప్పకుండా చూసే హక్కు, మాట్లాడే హక్కు కోర్టులు దాదాపు ప్రతి కేసులోనూ ఇస్తాయి.

ఇంకో అపోహ. ఆరు నెలల్లో పాపకి ఐదేళ్లు నిండుతాయి, అప్పుడు తండ్రికి వచ్చేస్తుంది అని కొందరు క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటారు. అలా ఏమీ జరగదు. అదే 1956 చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికన్నా ముందు చూసేది బిడ్డ క్షేమం. పాప స్కూల్లో కుదురుకుంది, అమ్మమ్మ దగ్గర అలవాటు పడింది అంటే పుట్టినరోజు మర్నాడు ఆ జీవితాన్ని ఏ జడ్జీ తలకిందులు చేయడు. మీరు ఎన్నాళ్లు ఊరుకుంటే పాప అంత దూరమవుతుంది. అందుకే ఐదేళ్లు నిండేదాకా ఆగుదాం అన్న ఆలోచన మానుకోండి.

చేయాల్సింది ఏమిటంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయాలి. మా కోర్టుల్లో దాన్ని జీడబ్ల్యూఓపీ అంటాం. అది పాప మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ కోర్టులోనే వేయాలి, మీరున్న చోట కాదు. ఎనిమిది నెలలుగా పాప రాజమహేంద్రవరంలో ఉంది కాబట్టి అక్కడే. హైదరాబాద్‌లో వేస్తే మొదటి వాయిదాల్లోనే ఈ అభ్యంతరం వస్తుంది. మీరు హైదరాబాద్‌లో విడాకుల కేసు వేసినా, ఆమె దాన్ని తనున్న చోటికి మార్చమని అడిగే అవకాశం ఎక్కువ. రెండు రాష్ట్రాలు అయ్యాయి కాబట్టి అలా మార్చాలంటే సుప్రీంకోర్టుకే వెళ్లాలి. చిన్న పిల్లతో ఉన్న తల్లి అడిగితే కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఆ గొడవలో ఏడాది పోతుంది. ఆ ఏడాదంతా పాప మిమ్మల్ని చూడదు.

అసలు పిటిషన్ తేలడానికి సమయం పడుతుంది. కాబట్టి దానితోపాటే పాపను చూసేందుకు మధ్యంతర ఉత్తర్వులు కోరుతూ ఒక ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేయమని మీ లాయర్‌కి చెప్పండి. మీకు ఇప్పుడు కావాల్సింది అదే. నెలకి రెండు ఆదివారాలు, వారంలో ఫలానా రోజుల్లో ఫలానా టైముకి వీడియో కాల్ అని స్పష్టంగా అడగండి. దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ ఐదు, పది నిమిషాలు బిడ్డతో మాట్లాడగలగాలని 2020లో సుప్రీంకోర్టు యశితా సాహు కేసులో చెప్పింది. మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మీకు ఆ తీర్పు బాగా పనికొస్తుంది.

చూసే హక్కు అనగానే మీ కళ్ల ముందు ఏం కనిపిస్తుందో నాకు తెలియదు. నేను చూసిన ఒక రోజు చెబుతాను. కోర్టు ఆవరణలో ఒక గది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మూలన కొన్ని బొమ్మలు, తలుపు దగ్గర కౌన్సెలర్. ఏడాదిన్నర తర్వాత కూతుర్ని చూడబోతున్న తండ్రి ఒక కొత్త గౌను తెచ్చాడు. పాప వచ్చింది, అమ్మమ్మ చెయ్యి వదల్లేదు. గౌను ఒంటికి పెట్టి చూస్తే మోకాళ్ల పైకే వచ్చింది. అతని లెక్కలో పాప ఇంకా పాత కొలతలోనే ఉంది. అతను ఏమీ మాట్లాడలేకపోయాడు, గౌను మడిచి కవర్లో పెట్టేసుకున్నాడు. మిగిలిన నలభై నిమిషాలూ పాప బొమ్మల దగ్గరే కూర్చుంది, అతను ఆ పక్కన నేల మీద కూర్చున్నాడు. మూడో వాయిదాకి పాప వచ్చి అతని జేబులో పెన్ను తీసుకుంది. ఆరో వాయిదాకి వెళ్లేటప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత కోర్టు ఆదివారాలు అతని ఇంటికి తీసుకెళ్లడానికి ఒప్పుకుంది. మొదటి రోజే పాప పరిగెత్తుకొచ్చి హత్తుకుంటుందని ఆశపడకండి. రాకపోతే "నేర్పించి పంపారు" అని అక్కడే గొడవ పెట్టుకోకండి. కౌన్సెలర్ రాసే రిపోర్టులో మీ ఓపిక కూడా వెళుతుంది, మీ కోపం కూడా వెళుతుంది.

కోర్టుకి వెళ్లకముందు చేయకూడని పని ఒకటుంది. పోలీసుల దగ్గరికి వెళ్లినా "ఇది ఫ్యామిలీ కోర్టులో తేల్చుకోండి" అనే అంటారు, ఆ మాటలో తప్పు లేదు. మీరు మాత్రం స్కూలు గేటు దగ్గర నుంచి పాపను బండెక్కించుకుని తీసుకురావాలన్న ఆలోచన కలలో కూడా రానీయకండి. తండ్రినే కదా అని ఆ పని చేసినవాళ్లకి ఆ తర్వాత కోర్టులో నెలకి రెండు గంటలు, అదీ పర్యవేక్షణలో, దొరకడమే గగనమైంది. పాప భయపడి రాత్రిళ్లు ఉలిక్కిపడుతోందని తల్లి చెబితే దానికి జవాబు ఉండదు.

మీరు రాయనిది ఒకటుంది, అడగక తప్పదు. ఇంట్లో ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా? ఉంటే మీ లాయర్ దగ్గర దాచకండి. ఆమె 2005 నాటి గృహహింస చట్టం కింద వెళితే, 21వ సెక్షన్‌లో మెజిస్ట్రేట్ పాపను తాత్కాలికంగా ఆమెకే అప్పగించగలరు, కలవడం బిడ్డకి హానికరం అనిపిస్తే మీరు చూడటాన్ని కూడా నిరాకరించగలరు. హింస నిజంగా జరిగిన ఇళ్లలో ఆ సెక్షన్ తల్లుల్నీ పిల్లల్నీ కాపాడింది, నేను కళ్లారా చూశాను. ఇది చదువుతున్న తల్లుల్లో ఎవరైనా ఆ పరిస్థితిలో ఉంటే, "పిల్లకి తండ్రి కావాలి" అన్న మాటకి లొంగి ప్రమాదంలోకి వెళ్లకండమ్మా. పర్యవేక్షణలో మాత్రమే కలిసేలా కోర్టుని అడగొచ్చు. ఫీజు భయం కూడా పెట్టుకోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయం ఎంతైనా సరే, మహిళలకి ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

మళ్లీ మీ దగ్గరికి. విడిపోయాక కూడా మారని బాధ్యతలు కొన్నుంటాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు. పాప పేరు మీద మీ నాన్నగారు స్థలం ఏదైనా రాసి ఉంటే, కోర్టు అనుమతి లేకుండా దాన్ని మీరూ అమ్మలేరు, ఆమె కూడా అమ్మలేదు. విడాకులు అయినా పాప మీ వారసురాలే. రేపు మీరు మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకో బిడ్డ పుట్టినా మీ వారసురాలిగా పాప హక్కు పోదు. కూతురి పోషణ బాధ్యత పద్దెనిమిదితో అయిపోదు, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే పెళ్లయ్యేదాకా ఉంటుంది. తల్లి రెండో పెళ్లి చేసుకుంటే పాప దానంతటదే మీ దగ్గరికి రాదు. మీరు చేసుకున్నా చూసే హక్కు పోదు.

పైన చెప్పిన వాటిలో హిందూ మైనారిటీ చట్టం, హిందూ దత్తత చట్టం హిందువులకి వర్తించేవి. ముస్లిం కుటుంబాల్లో హనఫీ పద్ధతి ప్రకారం మగపిల్లాడు ఏడేళ్ల వరకు, ఆడపిల్ల యుక్తవయసు వచ్చేవరకు తల్లి దగ్గర ఉంటారు. క్రైస్తవులకి 1869 చట్టం, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకి ఆ చట్టం ఉన్నాయి. ఏ చట్టమైనా చివరికి జడ్జి చూసేది బిడ్డ మేలే. విదేశాల్లో పుట్టి పెరిగిన పిల్లలదైతే వేరే కథ. 2019లో ఒక తెలుగు జంట కేసులో పిల్లల్ని అమెరికాకి తిరిగి తీసుకెళ్లమని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడున్నవాళ్లు చెప్పాపెట్టకుండా పిల్లల్ని ఇక్కడికి తెచ్చేముందు ఆ తీర్పు ఒకసారి చదివించుకోవడం మంచిది.

పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడటం మన దగ్గర మామూలే, అది మంచిదే. మీ ఇంట్లో కూడా ఆ ప్రయత్నం జరుగుతోందని రాశారు. అయితే స్టాంపు కాగితం మీద "ఇకపై పాపతో నాకు సంబంధం లేదు, పాప కోసం ఏమీ అడగను" అని ఇద్దరితో సంతకాలు చేయించే అలవాటు ఒకటుంది. ఆ కాగితాన్ని నమ్ముకోవద్దు. పోషణ హక్కు పాపది. తల్లి దాన్ని వదులుకుంటూ సంతకం పెట్టినా పాప హక్కు పోదు. మీరు డబ్బు కట్టి చూసే హక్కు వదులుకున్నట్టు రాసిచ్చినా రేపు అది మిమ్మల్ని తప్ప ఎవర్నీ బాధించదు.

రాజీ కుదిరితే కోర్టులో పరస్పర అంగీకారంతో రాయించండి, కానీ వివరంగా రాయించండి. "తండ్రి అప్పుడప్పుడు వచ్చి చూడవచ్చు" అన్న ఒక్క వాక్యంతో ముగిసిన ఒప్పందాలన్నీ ఏడాది తిరక్కుండానే మళ్లీ కోర్టుకొచ్చాయి. ఏ ఆదివారాలు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, పాపను ఎక్కడ అప్పగించాలి, ఎవరు తీసుకురావాలి, రైలు ఖర్చు ఎవరిది. సంక్రాంతి ఈ ఏడు ఎవరి దగ్గర, వచ్చే ఏడు ఎవరి దగ్గర. వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు. పాపకి జ్వరమొస్తే ఎన్ని గంటల్లో రెండో వాళ్లకి చెప్పాలి. స్కూలు మార్చాలంటే ఇద్దరి అంగీకారం కావాలా. ప్రోగ్రెస్ కార్డు కాపీ మీకు వస్తుందా. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, విదేశాలకి తీసుకెళ్లాలంటే ముందు చెప్పాలా. ఫీజు ఏటా పెరిగితే ఎవరెంత. ఇంత చిన్న విషయాలు కూడానా అని లాయర్లే విసుక్కుంటారు, మీరు వదలకండి. గొడవలు మొదలయ్యేది ఈ చిన్న విషయాల దగ్గరే.

ఇలా రాయించుకున్నా అది శాశ్వతం కాదని గుర్తుంచుకోండి. కస్టడీ, విజిటేషన్ ఆర్డర్లు పరిస్థితులు మారినప్పుడు మార్చుకోవచ్చు. నాలుగున్నరేళ్ల పాపకి కుదిరింది పన్నెండేళ్ల అమ్మాయికి కుదరదు. కాస్త పెద్దయ్యాక జడ్జి పాపనే ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు, తన ఇష్టానికి విలువ ఇస్తారు. ఆ రోజు కోసం ఇప్పటి నుంచే పాప చెవిలో తల్లి గురించి చెడుగా నూరిపోయడం మొదలుపెట్టకండి. పిల్లలు అప్పచెప్పే మాటలు వింటే అవి ఎవరివో అనుభవం ఉన్న జడ్జికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇవాళ చేయాల్సింది. ఆగిన డబ్బు పంపేశాక ఆమెకి ఒక మెసేజ్ పెట్టండి. అందులో పాత గొడవలు, అత్తగారి మాటలు, బెదిరింపులు ఏమీ వద్దు. ఇలా రాయండి: "పాప ఖర్చులకి ఇవాళ డబ్బు పంపాను, ఇకముందు కూడా ప్రతి నెలా ఐదో తేదీకి పంపుతాను. పాపతో వారానికి మూడు రోజులు సాయంత్రం ఏడు గంటలకి పది నిమిషాలు మాట్లాడాలని ఉంది. వచ్చే నెల రెండో ఆదివారం మీ ఊరు వస్తాను, నువ్వు చెప్పిన చోట, నువ్వు పక్కనే ఉన్నా సరే, రెండు గంటలు పాపతో గడిపి వెళతాను. నీకు వేరే టైము కుదిరితే చెప్పు." ఆమె ఒప్పుకుంటే కోర్టు అవసరమే రాకపోవచ్చు. రెండు వారాల్లో జవాబు రాకపోతే రాజమహేంద్రవరంలో లాయర్‌ని పెట్టుకుని నోటీసు పంపించండి, కేసుకి ముందే మధ్యవర్తిత్వానికి పిలవమని అక్కడి న్యాయసేవాధికార సంస్థకి ఒక దరఖాస్తు ఇవ్వండి. ఆ మెసేజ్, బ్యాంకు స్టేట్‌మెంట్, పాప బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు కాపీ, మీరు కలిసున్నప్పుడు పాపతో తీసుకున్న ఫోటోలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. వెళ్లేముందు పాపకి ఇప్పుడు ఏ సైజు బట్టలు పడతాయో ఎవరినైనా అడిగి తెలుసుకోండి.